రెగ్యులేషన్ 13 పోయాక హైదరాబాద్ పాత కట్టడాలకు దిక్కెవరు?

మూసీగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పాత భవనం కూలిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ "ఆర్కియాలజీ వాళ్లు ఏం చేస్తున్నారు?" అని అడుగుతాం. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న తప్పు గుమ్మం ముందు అడుగుతున్నాం.

చార్మినార్, గోల్కొండ లాంటివి కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. వాటికి 1958 చట్టం ఉంది. 2010 సవరణ తర్వాత వాటి చుట్టూ 100 మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. ఇంకొన్ని రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. కానీ ఒక ఊరికి ముఖం ఇచ్చేవి ఈ నాలుగైదు పెద్ద కట్టడాలే కాదు కదా. దేవిడీలు (పాత కాలం నాటి పెద్ద భవంతులు), రాతి కమాన్ల బజార్లు, పాత బడులు, ఆసుపత్రులు, గడియార స్తంభాలు, అరుగులున్న ఇళ్లు. ఇవి నిలబడాలా కూలాలా అన్నది తేలేది బిల్డింగ్ పర్మిషన్ ఇచ్చే టేబుల్ దగ్గర, అంటే టౌన్ ప్లానింగ్ దగ్గర.

హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇది బాగా అర్థం చేసుకున్నవాళ్లు ఉన్నారు. 1981 నాటి హుడా (హైదరాబాద్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) జోనింగ్ నిబంధనల్లో 1995లో 13వ నిబంధన, అంటే రెగ్యులేషన్ 13, చేర్చారు. ముంబై కూడా అదే ఏడాది ఇలాంటివి తెచ్చుకుంది. జాబితాలో ఉన్న కట్టడాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా ముందు హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ చూడాలి, దాని సలహా మీద హుడా అనుమతి ఇవ్వాలి. యజమాని ప్రభుత్వమైనా, మామూలు మనిషైనా ఒకటే రూలు. జాబితా పెరుగుతూ 150 దాకా వెళ్లింది. అందులో భవనాలతో పాటు జూబ్లీహిల్స్ వైపు బండరాళ్ల గుట్టలకు కూడా చోటిచ్చారు. 250 కోట్ల ఏళ్ల నాటి రాయిని జోనింగ్ నిబంధనతో కాపాడాలన్న ఆలోచన ఈ ఊళ్లో పుట్టింది. నాకు అది ఎంతో గర్వంగా ఉంటుంది.

2015 డిసెంబరులో ఆ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. చట్టం రావడం మంచిదే. కానీ ప్లాన్ పాస్ చేసే ఉద్యోగి ముందున్న నిబంధనల పుస్తకంలోనే రక్షణ ఉండటం వేరు, ఇంకెక్కడో ఒక చట్టంలో ఉండటం వేరు. 2050 వరకు కొత్త మాస్టర్ ప్లాన్ అంటున్నారు. అందులో ఈ విషయం ఎలా రావాలో మనం ఇప్పుడే మాట్లాడుకోవాలి. మీ మీ ఊళ్లలో, వీధుల్లో చూసినవి కూడా రాయండి.

సుల్తాన్‌బజార్

మంచి చర్చ. ఒక సందేహం. 13వ నిబంధన తీసేశాక కూడా ఇర్రం మంజిల్ నిలబడింది కదా? అంటే చట్టం పనిచేస్తున్నట్టే కదా?

మూసీగట్టు

నిలబడింది, నిజమే. ఎలా నిలబడిందో చూడండి. అది నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న భవనం. తర్వాత ప్రభుత్వ ఇంజనీర్ల ఆఫీసులు అందులో నడిచాయి. 2019 జూన్‌లో దాన్ని తీసేసి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది, శంకుస్థాపన కూడా అయిపోయింది. కొందరు పౌరులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 16న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పట్టణ ప్రణాళికకు సంబంధించిన చట్టాలను, నిబంధనలను పట్టించుకోకుండా నిర్ణయం తీసుకున్నారన్నదే అక్కడ కీలకం. అంటే కాపాడింది కూడా ప్లానింగ్ చట్టమే.

కానీ ప్రతి భవనం కోసం ఎవరో ఒకరు లాయర్‌ను పెట్టుకుని వెళ్లాలంటే ఎన్ని మిగులుతాయి? మరుసటి ఏడాది, 2020 జులైలో, పాత సెక్రటేరియట్‌తో పాటు అందులోని జీ బ్లాక్ కూడా పోయింది. అది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో, 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్.

దేవిడీ_మనవరాలు

నేను ఇంటి యజమానుల వైపు నుంచి రాస్తున్నాను. మాది పాతబస్తీలో ఒక పెద్ద దేవిడీలో మా ముత్తాత కొన్న భాగం. మధ్యలో వాకిలి, చుట్టూ వసారా, టేకు దూలాలు, మూడు అడుగుల మందం సున్నపు గోడలు. ఎండాకాలం ఫ్యాన్ లేకుండా పడుకోవచ్చు.

దాన్ని ఉంచుకోవాలని మాకు ప్రాణంగా ఉంది. వాటాదారులు మాత్రం ఇండియాలో కొందరు, బయట కొందరు. పైకప్పు మరమ్మతుకు ఆఫీసుకు వెళ్తే, దానికి ఏ ఫారం నింపాలో అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు. "పడగొట్టి కొత్తది కట్టుకుంటే ప్లాన్ ఇస్తాం, ఇదైతే మాకు కేటగిరీ లేదు" అన్నారు. కొత్తది కడతామంటే బ్యాంకు లోన్ ఇస్తుంది. పాతది బాగుచేసుకుంటామంటే విలువ కట్టడానికే రాదు. అద్దెకు ఉన్నవాళ్లు తాతగారి కాలం నాటి అద్దె ఇస్తారు, ఆస్తి పన్ను మాత్రం మేం కట్టాలి.

జాబితాలో మా ఇంటి పేరు రాస్తే సంతోషిస్తాను. కానీ మా బాబాయిలు భయపడతారు. "పేరు ఎక్కితే అమ్ముకోలేం, కట్టుకోలేం" అని. రాత్రికి రాత్రి గోడలు కూలేది ఈ భయంతోనే. దీనికి జవాబు లేకుండా నిబంధన ఒక్కటే తెస్తే, జాబితా వస్తుందన్న మాట వినగానే జేసీబీలు వస్తాయి.

ప్లాన్_రిటైర్డ్

నేను టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. అమ్మా, మీరు రాసిన ప్రతి మాటా నిజం. యజమానికి ఏం ఇస్తాం అన్నది తేల్చకుండా జాబితా రాస్తే అది నిలబడదు.

టీడీఆర్, అంటే కట్టుకునే హక్కును ఇంకోచోటికి బదిలీ చేసుకునే కాగితం గురించి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు ఇస్తారు కదా, ఆ బాండు. పాత కట్టడాలకూ అదే సూత్రం పనికొస్తుంది. ఒక స్థలంలో 20,000 చదరపు అడుగులు కట్టుకోవచ్చనుకోండి. ఉన్న పాత ఇల్లు 6,000 అడుగులే. మిగతా 14,000 అడుగుల హక్కును కాగితంగా యజమానికి ఇస్తే, అతను దాన్ని ఇంకోచోట కట్టుకునే బిల్డర్‌కు అమ్ముకుంటాడు. ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకుంటాడు. ముంబైలో ఇది ఉంది. అహ్మదాబాద్‌లో కూడా పోల్స్ అనే పాత చెక్క ఇళ్ల వాడల్లో యజమానులకు ఇలా ఇచ్చారు. 2017లో యునెస్కో జాబితాకెక్కిన మొదటి భారతీయ నగరం అదే.

అయితే హైదరాబాద్‌లో ఒక చిక్కు ఉంది, దీన్ని ఎవరూ గట్టిగా మాట్లాడరు. 2006 నుంచి ఇక్కడ ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లు మించి కట్టకూడదన్న లెక్క, లేదు. స్థలం ఎంత, ముందు రోడ్డు ఎంత వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎంత, వీటిని బట్టే ఎత్తు. పెద్ద రోడ్డు మీద పెద్ద స్థలం ఉంటే బిల్డర్ ఎలాగూ కావలసినంత పైకి వెళ్తాడు. అతనికి మీ టీడీఆర్ కాగితంతో అవసరం తక్కువ. అందుకే ముంబైలో పలికిన ధర ఇక్కడ పలకదు. ఉచితంగా ఇచ్చేస్తున్న ఎత్తులో కొంతైనా టీడీఆర్ కొనుక్కుంటేనే వస్తుందని మార్చకపోతే, పాత ఇంటి యజమాని చేతికి వచ్చేది ఏమీ ఉండదు.

ఇంకోటి. రోడ్డు వెడల్పు పెరిగితే ఎత్తు పెరుగుతుందన్నాను కదా. 30 అడుగుల వీధిని 60 చేస్తే ముందు అరుగు, వసారా పోతాయి. వెనక మిగిలిన ముక్క మీద అంతస్తులకు పర్మిషన్ వస్తుంది. పాత కట్టడానికి దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది. మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఆ రోడ్డు గీత గీసిన రోజే ఆ వీధి భవిష్యత్తు తేలిపోతుంది. ఆ గీత గీస్తున్నప్పుడు పక్కన పాత కట్టడాల జాబితా తెరిచి ఉండాలి.

ఫ్లాట్_కావాలి

నా మాట నచ్చకపోవచ్చు. నేను మెహదీపట్నంలో అద్దెకు ఉంటాను, ఆఫీసుకు రోజూ రెండు గంటల ప్రయాణం. నగరం మధ్యలో కొత్త ఇళ్లు కట్టనివ్వకపోతే నాలాంటివాళ్లు ఔటర్ దాటి వెళ్లాలి. ప్రతి పాత గోడనూ వారసత్వం అంటే జనం ఎక్కడ ఉండాలి? ఉస్మానియా ఆసుపత్రినే తీసుకోండి. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు వచ్చాయి, రోగులు మంచాల మీద ఉన్నారు. అప్పుడు భవనం ముఖ్యమా, మనిషి ముఖ్యమా?

మూసీగట్టు

మనిషే ముఖ్యం, అందులో రెండో మాట లేదు. ఆ వీడియోలు చూసి నాకూ కడుపు తరుక్కుపోయింది. కానీ నీళ్లు లోపలికి వచ్చింది భవనం పాతదై కాదు, చుట్టూ డ్రైనేజీ, వాననీటి కాలువలు, మరమ్మతులు ఏళ్ల తరబడి పట్టించుకోకే. 1908 మూసీ వరద తర్వాత ఊరిని మళ్లీ కట్టుకున్న కాలంలో ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన భవనం అది. చివరికి ఏమైంది? 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. రోగులకు కొత్త వార్డులు, పాత భవనానికి ఊపిరి, రెండూ కుదిరే దారి అది. 2015లో కూల్చి టవర్లు కడదామన్నప్పుడే ఈ దారి వెతికి ఉంటే పదేళ్లు వృథా అయ్యేవి కావు.

ఇళ్ల సంగతి. హైదరాబాద్ అంత ఊళ్లో 150 కట్టడాలు నిలబడితే మీ ఫ్లాట్ ఆగిపోదండి. ఆగిపోతోంది వేరే కారణాలకు.

ఫ్లాట్_కావాలి

150 అయితే నాకు అభ్యంతరం లేదు. వాడలకు వాడలే అంటారేమోనని అడిగాను.

లండన్_తెలుగు

వాడలకు వాడలు కూడా కుదురుతుంది, మా దగ్గర అలాగే ఉంది. ఇంగ్లండ్‌లో ఒక్కో భవనాన్ని జాబితాలో చేర్చే పద్ధతి 1947 ప్లానింగ్ చట్టంతో గట్టిపడింది. 1967లో కన్జర్వేషన్ ఏరియాలు వచ్చాయి, అంటే మొత్తం వీధి, దాని తీరు. నేనుండే వీధి అలాంటిదే. ఇల్లు వందేళ్లు పైబడినది, లోపల వంటగది, బాత్రూం అన్నీ కొత్తవి. వీధి వైపు కిటికీ మార్చాలంటే మాత్రం కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఎవరూ ఇళ్లు ఖాళీ చేయలేదు, పైగా ఇలాంటి వీధుల్లో ఇళ్లకు గిరాకీ.

నాకు బాగా నచ్చిందేమిటంటే నోటీసు. ఎవరైనా అప్లికేషన్ పెడితే వీధి స్తంభానికి కాగితం కడతారు, ప్లాన్లన్నీ వెబ్‌సైట్‌లో పెడతారు, అభిప్రాయం చెప్పడానికి 21 రోజులు ఇస్తారు. పక్కింటివాళ్లకు తెలియకుండా ఏదీ జరగదు. హైదరాబాద్‌లో మా మేనమామ వాళ్ల వీధిలో పాత భవనం పోయిన సంగతి దుమ్ము లేచాకే తెలిసింది.

ఇక్కడా ముందు నుంచీ ఇంత బుద్ధిగా లేరు. యూస్టన్ స్టేషన్ ముందున్న పెద్ద రాతి తోరణాన్ని 1961లో ఎంతమంది వద్దన్నా పడగొట్టడం మొదలుపెట్టారు. ఆ కోపంలోంచే తర్వాతి ఉద్యమం బలపడింది.

యానాం_టు_పాండి

మాది యానాం, పదేళ్లుగా పుదుచ్చేరిలో ఉద్యోగం. ఇక్కడ సముద్రం వైపు ఫ్రెంచి వీధుల ఫొటోలే అందరూ చూస్తారు. నాకు కాలువకు ఇటువైపు తమిళుల వీధులంటే ఇష్టం. వైశ్యాళ్ వీధిలో ఇళ్ల ముందు అరుగులు, చెక్క స్తంభాల వసారాలు వరసగా ఉంటాయి. 2000 తర్వాత ఐరోపా సాయంతో ఇన్‌టాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ వాళ్లు అక్కడ పనిచేశారు. వీధి వైపు ముఖాలు బాగుచేసుకునే ఖర్చులో కొంత యజమానికి ఇచ్చి, కొంత అతను పెట్టుకునేలా చేశారు. డబ్బు చేతికి వచ్చాక పక్క ఇళ్లవాళ్లు కూడా ముందుకు వచ్చారు. దేవిడీ_మనవరాలు గారు చెప్పిన భయానికి ఇదొక మందు.

ఇక్కడ పోగొట్టుకున్నదీ ఉంది. బీచ్ రోడ్డు మీద మేరీ భవనం, అంటే ఫ్రెంచి కాలం నాటి మున్సిపల్ ఆఫీసు, 2014 నవంబరులో వానకు కూలిపోయింది. మళ్లీ అదే రూపంలో కట్టి 2021లో తెరిచారు. చూడటానికి అచ్చం అలాగే ఉంది. కానీ పాత గోడను నిలబెట్టడానికి అయ్యే ఖర్చు ముందే పెట్టి ఉంటే అసలుదే మిగిలేది.

గచ్చుపని

మా నాన్న, తాత సున్నం పని చేసేవారు, నేనూ అదే చేస్తున్నాను, ఇప్పుడు కన్జర్వేషన్ కాంట్రాక్టర్ల దగ్గర. అందరూ పర్మిషన్ల గురించి రాశారు. పర్మిషన్ వచ్చాక ఏం జరుగుతుందో నేను చెప్తాను.

పాత గోడ సున్నపు గోడ. దానిలోకి తేమ పోతుంది, వస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుంటుంది, కొన్నేళ్లకు సిమెంటు పెళ్లతో పాటు లోపలి సున్నం, ఇటుక కూడా పొడి అయి రాలుతుంది. మరమ్మతు పేరుతో చంపిన గోడలు నేను చాలా చూశాను. సున్నం రాయి కాల్చి, నీళ్లలో చంపి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో గానుగలో ఆడించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి వాడాలి. టైం పడుతుంది, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. టెండర్‌లో అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే పని ఇస్తే వాడు సిమెంటు బస్తానే తెస్తాడు. 2019 మేలో వాన తర్వాత చార్మినార్ మినార్ మీది గచ్చు పెళ్ల ఊడిపడింది గుర్తుందా? అంత పెద్ద కట్టడానికే కనిపెట్టుకుని ఉండాలి, మామూలు భవనం సంగతి చెప్పక్కర్లేదు.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ 2013 నుంచి చేసిన పనిలో చాలామంది మేస్త్రీలు ఈ పని మళ్లీ నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ చేతులకు పని కావాలి. మాస్టర్ ప్లాన్‌లో రాసేటప్పుడు జాబితాలోని కట్టడం మరమ్మతుకు సున్నమే వాడాలని, పని తెలిసినవాళ్లకే ఇవ్వాలని కూడా రాయండి సార్.

షాలిబండ

అందరూ బాగా రాస్తున్నారు, కానీ ఈరోజు మా కళ్ల ముందు జరుగుతున్నది మెట్రో. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్ ఆలం మండి, షాలిబండ మీదుగా. దానికోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఇళ్లకు, దుకాణాలకు నష్టపరిహారం ఇచ్చి తీసేస్తున్నారు. మాకు మెట్రో కావాలి. నగరమంతా మెట్రో ఎక్కి తిరుగుతుంటే మేం ఏళ్ల తరబడి ఎదురుచూశాం. మా పిల్లలు కాలేజీకి ఆటోల్లో ఎంత ఖర్చు పెడుతున్నారో మాకు తెలుసు.

కానీ మొహర్రం పీర్లను ఉంచే ఆషూర్‌ఖానాలు, దర్గాలు, గుళ్లు వదిలేస్తామని చెప్పినంత స్పష్టంగా పాత ఇళ్ల కమాన్ల గురించి ఎవరూ చెప్పలేదు. ప్రార్థనా స్థలం కాని పాత కట్టడం తరఫున ఎవరు అడుగుతారు? మా వీధిలో ఒక కమాను ఉంది, మొహర్రం ఊరేగింపు, బోనాల ఊరేగింపు రెండూ దాని ముందు నుంచే పోతాయి. అది ఏ జాబితాలోనూ లేదు.

మూసీగట్టు

షాలిబండ భాయ్, మీ పోస్టు చదివి చాలాసేపు ఆగిపోయాను. మీరున్న దారిలోనే దీనికి జవాబు కూడా ఉంది. పత్తర్‌గట్టి చూడండి. వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అక్కడ కూడా రోడ్డు వెడల్పు చేసింది. వెడల్పు చేసి ఊరుకోలేదు. రెండు వైపులా ఒకే తీరు రాతి కమాన్లతో, కింద దుకాణాలు, పైన ఇళ్లతో కొత్త వీధి కట్టించింది. ఆ రోజు టౌన్ ప్లానింగ్ చేసిన పనే ఈ రోజు మనం వారసత్వం అంటున్నాం. రోడ్డు వెడల్పు చేయక తప్పని చోట వీధికి కొత్త ముఖం ఎలా ఉండాలో కూడా ప్లాన్‌లోనే చెప్పొచ్చని మన ఊరే వందేళ్ల కింద చూపించింది. పాత కమానును రాయి రాయికి నంబరు వేసి వెనక్కి జరిపి మళ్లీ నిలబెట్టడమూ ఒక దారి. కూల్చే ముందు కొలతలు, ఫొటోలు తీసి రికార్డు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ జరగాలి.

మొజంజాహీ మార్కెట్ కూడా అంతే. 1935 నాటి ఆ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. దుకాణాలను అక్కడి నుంచి తరిమేయలేదు. ఐస్‌క్రీం కోసం సాయంత్రం ఎంత జనం వస్తారో చూడండి. ప్రభుత్వం తలుచుకుంటే చేయగలదు.

గోదారి_గాలి

రాజమండ్రి నుంచి. మాకు హేవ్‌లాక్ బ్రిడ్జి ఉంది. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆపేశారు. గోదావరి మీద అంత పొడవున స్తంభాలతో అలాగే నిలబడి ఉంది. నడిచే దారి చేస్తామన్న మాట ఏళ్లుగా వింటున్నాం. వంతెన గురించి అయినా అందరం మాట్లాడుకుంటాం. పాత బజారులోని మిద్దె ఇళ్ల గురించి అడిగేవాళ్లే లేరు, పుష్కరాలకు పుష్కరాలకు మధ్య ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. మాలాంటి ఊళ్లలో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్లాన్_రిటైర్డ్

మీ ఊరికీ మాస్టర్ ప్లాన్ ఉంటుంది, అది మారే సమయం వస్తుంది. డ్రాఫ్ట్ ప్రచురించాక అభ్యంతరాలు, సూచనలు ఇవ్వడానికి గడువు ఇస్తారు. అప్పుడు జనం ఎక్కువగా ఇచ్చే కాగితాలు "నా పొలం గ్రీన్ జోన్‌లో పెట్టారు, మార్చండి" అన్నవే. వారసత్వం మీద కాగితాలు చాలా తక్కువ వస్తాయి. "పాత కట్టడాలను కాపాడాలి" అని ఒక్క వాక్యం రాసిస్తే ఫైల్లో పడి ఉంటుంది. ఏ కట్టడమో తేలేలా రాయాలి. ఇంటి నంబరు, వీధి, సర్వే నంబరు లేదా టౌన్ సర్వే నంబరు, ముందు నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒకటి, ఎప్పటిదో తెలిస్తే ఆధారం, ఇప్పుడు ఎలా వాడుతున్నారు, డ్రాఫ్ట్‌లో దాని ముందు రోడ్డు ఎంత వెడల్పు చూపించారు. ఈ చివరిది తప్పకుండా ఉండాలి. ఆ గీతను ఎంత జరిపితే కట్టడం మిగులుతుందో కూడా రాయగలిగితే, ఆఫీసులో కూర్చున్నవాడు దాన్ని పక్కన పెట్టలేడు, ఏదో ఒక జవాబు రాయాల్సి వస్తుంది.

యజమాని సంతకం ఉంటే ఇంకా బలం.

దేవిడీ_మనవరాలు

సంతకం నేను పెడతాను. బాబాయిలతో మాట్లాడతాను, టీడీఆర్ సంగతి, పుదుచ్చేరి పద్ధతి చెప్తాను. గచ్చుపని గారూ, మా వెనక వసారా గోడ ఒకసారి చూసి ఖర్చు ఎంతవుతుందో చెప్పగలరా? మెసేజ్ పెడతాను.

గచ్చుపని

తప్పకుండా వస్తానమ్మా. అప్పటిదాకా ఎవరు చెప్పినా సిమెంటు మాత్రం పెట్టించకండి. పైన నీళ్లు నిలవకుండా చూసుకోండి, రావి మొక్క మొలిచి ఉంటే పీకేయకుండా ముందు వేరు ఎక్కడిదాకా పోయిందో చూద్దాం.

మూసీగట్టు

ప్లాన్_రిటైర్డ్ గారు చెప్పిన వివరాలతో ఒక ఫారం తయారుచేసి ఇక్కడ పెడుతున్నాను. షాలిబండ భాయ్, మీ కమానుతో మొదలుపెడదాం, కూలీలు అక్కడిదాకా రాకముందే కొలతలు తీసుకోవాలి. ఆదివారం ఉదయం టేపు పట్టుకుని వస్తాను. ఇంకెవరైనా వస్తే ఇక్కడ రాయండి.

ఫ్లాట్_కావాలి

నేను సర్వే ఇంజనీర్‌ని. కొలతలకు నేనూ వస్తాను.

గోదారి_గాలి

ఆ ఫారం మా ఊరికి కూడా వాడుకోవచ్చా?

మూసీగట్టు

వాడుకోండి అన్నా. ఊరి పేరు, అథారిటీ పేరు మార్చుకుంటే చాలు. పాత బజారులో ఇంటి నంబర్లు రాసేటప్పుడు పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాయండి.